డల్సిమర్ శ్రుతి చేస్తుంటే తీగ తెగింది. వైజాగ్‌లో వాయించేవాళ్ళెవరైనా ఉన్నారా?

గాజువాక శీను | జులై 6, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నాకు సంగీతం రాదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత తిట్టుకోవద్దు.

మా అక్క కూతురు అమెరికా నుంచి వస్తూ ఒక వాయిద్యం తెచ్చింది. కెంటకీలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాన్లు అమ్మేస్తుంటే కొందట. "మావయ్యా, షిఫ్ట్ లేనప్పుడు ఫోన్ చూడకుండా ఇది వాయించుకో" అని చేతిలో పెట్టింది. మూడడుగులకి కాస్త తక్కువ పొడవు, నడుం సన్నంగా ఎనిమిది అంకెలా ఉంది. నాలుగు తీగలు. అందులో రెండు పక్కపక్కనే అంటుకున్నట్టు ఉన్నాయి. డల్సిమర్ అంటారట.

ఫోన్‌లో ట్యూనర్ యాప్ వేసుకుని కూర్చున్నా. లావు తీగ డీ అనే స్వరం రావాలని ఎక్కడో చదివాను. మీటితే ఈ అని చూపించింది. బిరడ తిప్పాను. ఎఫ్ అంది, జీ అంది. సరే, తిప్పుతూ పోతే డీ రాకపోతుందా, పచ్చ లైటు వెలగకపోతుందా అని ఇంకా తిప్పాను. టప్‌మని తెగి మోచేతి మీద కొట్టింది. వాత తేలింది. మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

అడగాల్సినవి: తీగలు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి? అసలు ఏ తీగ దేనికి బిగించాలి? తీగల కింద వేలితో నొక్కడానికి అడ్డంగా మెట్లున్నాయి, వాటిలో ఆరో మెట్టుకీ ఏడో మెట్టుకీ మధ్య ఇంకో మెట్టు ఇరికించి ఉంది, మిగతా చోట్ల అలా లేదు. తయారుచేసినవాడు పొరపాటు చేశాడా?

బీచ్‌రోడ్డు బాబు | జులై 6, రాత్రి 10:40

డల్సిమర్ అంటే సంతూర్ లాంటిదే కదా అన్నా? రెండు కర్రలతో కొట్టాలి. మీరు వేళ్ళతో మీటి తెంపేసినట్టున్నారు.

సీతమ్మధార రమణి | జులై 7, ఉదయం 6:05

శీను గారూ, కంగారు పడకండి. వీణ నేర్చుకునే పిల్లలు నా దగ్గర నెలకో తీగైనా తెంపుతారు.

బాబు గారు చెప్పింది వేరే వాయిద్యం. కర్రలతో కొట్టేది హామర్డ్ డల్సిమర్, అది సంతూర్‌కి చుట్టం. సంతూర్ కశ్మీర్ సూఫీ గోష్ఠుల్లో ఉండేది. దాన్ని కచేరీ వేదిక మీదికి తెచ్చింది శివకుమార్ శర్మ (1938–2022) గారు. మీ చేతిలో ఉన్నది మౌంటెన్ డల్సిమర్. అమెరికాలో అప్పలేచియన్ కొండల వాళ్ళది, ఒళ్ళో పెట్టుకుని వాయిస్తారు. జర్మన్ల షైట్‌హోల్ట్ అనే పాత వాయిద్యానికి ఇది దగ్గర. కెంటకీలోనే వైపర్ అనే ఊళ్ళో పుట్టిన జీన్ రిచీ (1922–2015) పాడుతూ వాయించడం వల్ల కొండలకి బయటున్నవాళ్ళకి కూడా దీని సంగతి తెలిసింది. పేరు ఒకటే అయినా రెండింటికీ పొంతన లేదు.

ఇప్పుడు మీ తీగ సంగతి. డీ అనేది ఒక్కటి కాదు. మీ లావు తీగకి కావలసింది డీ3, సెకనుకి సుమారు 147 కంపనాలు. మీకు ఈ అని చూపించిందంటే అప్పటికే తీగ ఒక స్వరం ఎక్కువ బిగిసి ఉంది. కొద్దిగా వదులు చేస్తే అయిపోయేది. మీరు ఎదురు దారి పట్టి పై స్థాయి డీ4కి, అంటే 294కి బయల్దేరారు. స్థాయి పెరిగితే కంపనాలు రెండింతలే, కానీ తీగ బిగువు నాలుగింతలవ్వాలి. ఏ తీగ తట్టుకుంటుంది? యాప్‌లో అక్షరం పక్కన చిన్న అంకె ఉంటుంది, ఇకమీదట ముందు దాన్ని చూడండి.

డీ అంటే మన లెక్కలో రెండు శ్రుతి. దీనికి ఎక్కువమంది పెట్టే శ్రుతి డీ-ఏ-డీ. మన మాటలో చెప్పాలంటే స-ప-స. లావు తీగ ఆధార షడ్జం, మధ్య తీగ పంచమం, మీ వైపున్న జంట తీగలు పై షడ్జం. మీ ఇంటి పక్క గుళ్ళో తంబుర మోగేది కూడా ఈ స-ప లే కదా.

మధ్యలో ఇరికించిన ఆ ఆరున్నర మెట్టు లోపం కాదు. ఆరోది కైశికి నిషాదం, అంటే కింది ని; ఆరున్నర కాకలి నిషాదం, అంటే పై ని. పాత డల్సిమర్లకి అది ఉండేది కాదు, తర్వాత చేర్చుకున్నారు.

గాజువాక శీను | జులై 7, మధ్యాహ్నం 3:30

అమ్మా, నమస్కారం. చిన్న అంకె నిజంగానే ఉంది! కళ్ళజోడు పెట్టుకుంటే కనిపించింది. స-ప-స అన్నాక బుర్రకెక్కింది. మా వీధి భజనలో హార్మోనియం ఆయన మొదలెట్టే ముందు నొక్కి పట్టేది అదే.

తీగల సంగతి ఎవరైనా చెప్పండి.

డాబాగార్డెన్స్ గిటారు | జులై 7, రాత్రి 9:15

డల్సిమర్ తీగలని అడిగితే ఇక్కడ ఏ షాపులోనూ అర్థం కాదు బ్రో. గిటార్ తీగలు చాలు. అకౌస్టిక్ గిటార్‌ది 11–52 సెట్టు అడగండి. అందులో మొదటి మూడు తీగలు 0.011, 0.015, 0.022 అంగుళాల మందం ఉంటాయి. మూడోది చుట్టు తీగ, అది లావు తీగ స్థానంలోకి. 0.015 మధ్యకి. జంట తీగలకి 0.011 రెండు కావాలి కాబట్టి ఒకటి విడిగా కొనండి. రెండిటి మందమూ ఒకటే ఉండాలి, లేకపోతే మెట్టు నొక్కినప్పుడు ఒకటి ఒక రకంగా, ఇంకోటి ఇంకో రకంగా పలుకుతాయి. మిగిలిన మూడు లావు తీగలు గిటార్ ఉన్న పిల్లాడెవడికైనా ఇచ్చేయండి.

ఒక తిరకాసుంది. గిటార్ తీగ చివర చిన్న ఇత్తడి పూస ఉంటుంది. మీ దాని తోక వైపు మేకులుంటే వాటికి పూస పనికిరాదు, ఉంగరం కావాలి. నోస్ ప్లయర్‌తో పూసని పట్టి నలిపి పక్కకి తోసేస్తే ఊడిపోతుంది. మెలితిప్పిన చోట ఉంగరం మిగులుతుంది. మెలిక మాత్రం కదపొద్దు.

గాజువాక శీను | జులై 11, రాత్రి 11:50

తీగలు దొరికాయి. పూసలు ఊడదీయడం నాకు తేలికే, ప్లాంటులో ప్లయర్లతోనే బతుకు. కానీ ఇంకో ఘనకార్యం చేశాను. ఎలాగూ కొత్తవి వేస్తున్నాం కదా, తుడిచి శుభ్రం చేద్దామని పాత తీగలన్నీ ఒకేసారి విప్పేశాను. తోక వైపు తీగల కింద చిన్న చెక్క ముక్క ఉండేది. అది అతికించి లేదట! జారి మంచం కిందికి పోయింది. వెతికి తెచ్చా కానీ ఎక్కడ పెట్టాలో తెలీదు. తోచిన చోట పెట్టి తీగలు బిగిస్తే, ఏ మెట్టూ నొక్కని విడి తీగ బాగానే ఉంది, ఏడో మెట్టు నొక్కితే మాత్రం పిల్లి అరిచినట్టుంది.

పాలకొండ రాజు | జులై 12, ఉదయం 7:20

ఓలమ్మో, ఒకేసారి నాలుగూ విప్పేశారేటి బావూ! ఇల్లు కడగాలని వాసాలు పీకేసినట్టుంది.

బొబ్బిలి పనస | జులై 12, మధ్యాహ్నం 1:10

మాది బొబ్బిలి దగ్గర, ఇంట్లో వీణల పని తెలిసినవాళ్ళున్నారు. డల్సిమర్ ఎప్పుడూ చూడలేదు గానీ మీరు చెప్పినదాన్ని బట్టి విషయం అర్థమైంది.

వీణకి మెట్లు మైనంలో కూర్చుంటాయి. మేళం కట్టేటప్పుడు, అంటే మెట్లు అమర్చేటప్పుడు, ఒక్కో మెట్టునీ అటూ ఇటూ జరిపి స్వరం చూసుకుంటాం. మైనం పాతబడితే మళ్ళీ కట్టుకుంటాం. మీదాంట్లో మెట్లు చెక్కలోకి దిగ్గొట్టేశారు, అవి కదలవు. కాబట్టి అక్కడ జరపడానికి మిగిలింది ఆ చెక్క ముక్క ఒక్కటే. మేళం మొత్తం దాని మీదే ఉందనుకోండి.

తల దగ్గర తీగలు ఆనే పలక నుంచి ఏడో మెట్టు వరకు కొలవండి. ఏడో మెట్టంటే పై షడ్జం, అది తీగకి సరిగ్గా సగం. అంటే అక్కడినుంచి మళ్ళీ అంత దూరంలో ఆ చెక్క ముక్క, అదే బ్రిడ్జి, ఉండాలి. నొక్కినప్పుడు తీగ కొంచెం సాగుతుంది కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి పెట్టండి.

తర్వాత చెవితో చూడాలి. ఏడో మెట్టు మీద తీగని నొక్కకుండా వేలు ఊరికే ఆనించి, మీటి, వేలు తీసేయండి. సన్నగా గంటలా పలుకుతుంది. ఇప్పుడు అదే మెట్టు గట్టిగా నొక్కి మీటండి. రెండూ ఒకటే పలకాలి. నొక్కినది హెచ్చుగా ఉంటే బ్రిడ్జిని మెట్లకి దూరంగా జరపండి, తగ్గుగా ఉంటే దగ్గరికి. జరిపే ముందు తీగలు కొంచెం వదులు చేయండి, లేకపోతే పైచెక్క గీసుకుపోతుంది. కుదిరాక పెన్సిల్‌తో సన్నటి గీత పెట్టుకోండి. ఇకముందు తీగలు ఒక్కొక్కటే మార్చండి.

గాజువాక శీను | జులై 13, సాయంత్రం 5:45

పనస గారూ, మీకు దండం.

టేపుతో కొలిస్తే తల పలక నుంచి ఏడో మెట్టుకి 34.3 సెంటీమీటర్లు. ఏడో మెట్టు నుంచి అంతే కొలిచి, సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి పడేలా పెట్టి చూశాను. పైచెక్క మీద పాలిష్‌లో అగ్గిపుల్ల వెడల్పున ఒక పలచటి గీత కనిపించింది, చుట్టూ ఉన్న రంగు కన్నా కాస్త లేతగా. ఇన్నేళ్ళూ బ్రిడ్జి అక్కడే కూర్చుని ఉంది! కొలతకి రెండు మిల్లీమీటర్లు వెనక్కి, మీరు చెప్పినట్టే. నేను పెట్టింది దానికి వేలెడు దూరంలో.

అక్కడ పెట్టి, గంట నాదం, నొక్కిన నాదం పోల్చి చూస్తే ఇంకా కొద్దిగా హెచ్చు. చిటికెన వేలి గోరుతో రవ్వంత వెనక్కి నెట్టాను. మూడోసారికి రెండూ కలిసిపోయాయి. పిల్లి వెళ్ళిపోయింది.

ఇప్పుడు బొత్తిగా కొత్తవాడి ప్రశ్న. యాప్ లేకుండా శ్రుతి చేయొచ్చా? మా మేడ మీద గాలికి, పక్కింటి మోటారుకి ఆ ముల్లు కుదురుగా ఉండదు.

సీతమ్మధార రమణి | జులై 13, రాత్రి 8:30

చేయొచ్చు, చేయాలి కూడా. లావు తీగ ఒక్కటి యాప్‌తోనో హార్మోనియంతోనో పెట్టుకోండి. దాన్ని నాలుగో మెట్టు దగ్గర నొక్కితే పంచమం. మధ్య తీగ విడిగా అదే పలకాలి. తర్వాత మధ్య తీగని మూడో మెట్టు దగ్గర నొక్కండి, జంట తీగలు అదే పలకాలి. రెండు తీగలు దగ్గరికొస్తున్నప్పుడు నాదంలో వావ్ వావ్ అని ఒక ఊపు వినిపిస్తుంది. దగ్గరయ్యేకొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది, కలిశాక ఆగిపోతుంది. జంట తీగల్లో ముందు ఒకటి సరిచేసి, రెండోది దానికి కలపండి. ఎప్పుడైనా శ్రుతి కింది నుంచి పైకి తెచ్చి ఆపండి. పై నుంచి కిందికి దింపి ఆపితే తీగ కాసేపటికి ఇంకా జారుతుంది.

నిన్న కాగితం మీద మెట్లు వేసుకుని చూస్తుంటే ఒకటి తట్టింది, నాకు సరదా పుట్టింది. దీని మెట్లు సప్తస్వరాలకే ఉన్నాయి, పన్నెండు స్వరస్థానాలు లేవు. విడి తీగ షడ్జమనుకుని ఆరున్నరని వదిలేసి వాయిస్తే హరికాంభోజి రాగం. జంట తీగల్ని ఏ కి దింపి మూడో మెట్టు నుంచి మొదలుపెడితే శంకరాభరణం. సీ కి పెట్టి మొదటి మెట్టు నుంచి అయితే నఠభైరవి. జీ కి పెట్టి నాలుగో మెట్టు నుంచి ఖరహరప్రియ. కొండల్లో వాళ్ళు పేర్లేవీ పెట్టుకోకుండా చేసేది మన గ్రహభేదమే! మెట్లు అవే, షడ్జం చోటు మారుతుంది.

పాలకొండ రాజు | జులై 14, ఉదయం 6:50

అమ్మగారూ, కోపం తెచ్చుకోకండి. ఆయన ఇంకా మూడు మెట్లు నొక్కలేదు, మీరు నాలుగు మేళకర్త రాగాలు వడ్డించేశారు.

మా తాత జముకు వాయించేవాడు, జముకుల కథలకి. ఒక చర్మం, ఒక తంతి, అంతే. తంతి బిగిస్తే పైకి, వదిలితే కిందికి. ఆయనకి షడ్జం అన్న మాటే తెలీదు. రాత్రంతా కథ నడిచేది, శ్రుతి ఒక్కసారి తప్పేది కాదు. ఈ డల్సిమర్ కూడా అలాంటి ఇళ్ళల్లోదే కదా.

శీను గారూ, వేళ్ళు పక్కన పెట్టి మూడంగుళాల కర్రముక్క పట్టుకోండి. వాళ్ళు నోటర్ అంటారట. జంట తీగల మీద మాత్రం దాన్ని ఆనించి జరపండి, కుడి చేత్తో అన్ని తీగలూ కలిపి మీటండి. మిగతా రెండూ తంబురలా మోగుతూనే ఉంటాయి. నేను ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రది చెప్పేవాణ్ణి. తేలిక, నున్నగా ఉంటుంది. లక్క పూత లేనిది తీసుకోండి, పూత ఉంటే స్టీలు తీగ గీరేస్తుంది. మీ అమ్మగారు పాడే పాట ఒకటి పట్టుకుని అందులో మొదటి మూడు స్వరాలు వెతకండి. నంబర్లు తర్వాత.

సీతమ్మధార రమణి | జులై 14, ఉదయం 9:00

రాజు గారూ, కోపమేం లేదు, కొంచెం రోషం మాత్రం ఉంది. తాతగారికి మేళకర్త అక్కర్లేదు, ఆయన చెవిలో పెరిగిన కథ ఉంది. చెవిలో ఏమీ లేనివాడికి నాలుగు గుర్తులు ఇవ్వడం తప్పెలా అవుతుంది?

కర్రముక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. మెట్టుకి అటు ఇటు తీగని లాగి గమకం తీయాలని చూస్తే ఈ సన్న తీగల మీద కొద్దిగానే వస్తుంది. కర్రతో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి జారితే వచ్చే జారు బాగుంటుంది. తోడి రాగం జోలికి మాత్రం పోకండి. గమకం లేని తోడి తోడి కాదు. మోహన తీసుకోండి. విడి తీగ, 1, 2, 4, 5, 7. మూడు, ఆరు వదిలేయాలి. మన పల్లె పాటల్లో చాలావాటికి ఆ ఐదు స్వరాలే చాలు.

పాలకొండ రాజు | జులై 14, ఉదయం 9:12

మోహన అని పేరు పెట్టకుండా ఆ అంకెలొక్కటే ఇచ్చినా వాయించేవాడే. సరే, సరే, ఊరుకుంటున్నాను.

బీచ్‌రోడ్డు బాబు | జులై 15, రాత్రి 9:30

సంతూర్ అని తప్పు చెప్పినందుకు పరిహారంగా ఒక పనికొచ్చే ముక్క. మా ఇల్లు సముద్రానికి ఎదురుగా. గిటార్ తీగలు నెలకే తుప్పు పట్టి వేలికి గరగరమంటాయి. గాజువాక కాస్త లోపలే అయినా వైజాగ్ గాలి వైజాగ్ గాలే. వాయించాక పాత నూలు పంచె ముక్కతో తీగల్ని పైనా కిందా తుడిచి పెట్టెలో పెట్టండి. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పడేయండి. ఏసీ గదిలో శ్రుతి చేసి వెంటనే వరండాలోకి తెస్తే తీగలు వేడెక్కి శ్రుతి దిగుతుంది. ఎక్కడ వాయిస్తారో అక్కడ పావుగంట ఉంచి అప్పుడు శ్రుతి చేయండి. బిరడలు చెక్కవైతే తిప్పేటప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పాలి. జారుతుంటే కాస్త సుద్ద రాయండి.

గాజువాక శీను | ఆగస్టు 3, రాత్రి 10:20

మూడు వారాలు ఇటు రాలేదు, నైట్ షిఫ్టులు. కానీ రోజూ పావుగంట వాయిస్తున్నా. ఏటికొప్పాక వెళ్ళడం కుదరక వెదురు ముక్క అరగదీసుకున్నాను. జంట తీగలు రెండూ ఒకేసారి నొక్కుకోవడానికి వారం పట్టింది. ఒకటి తప్పించుకుని జుయ్‌మనేది.

రాజు గారు చెప్పినట్టు అమ్మ పాటే పట్టుకున్నా. చిన్నప్పుడు రోకలి దంచుతూ పాడేది. మాటలు సగం ఆవిడకే గుర్తులేవు. రమణి అమ్మ అంకెలు పెట్టుకుని వెతికితే మొదటి వరుస దొరికింది, 4, 5, 4, 2. వంటింట్లోంచి అమ్మ గుర్తుపట్టేసింది! వచ్చి పక్కన కూర్చుని అందుకుంది.

అక్కడే చిక్కొచ్చింది. నా స తో కలిపి పాడితే ఆవిడకి మరీ కింద, గొంతు మూలుగుతుంది. పై స పట్టుకుంటే మరీ పైన, దగ్గు వస్తోంది. నాలుగు వరుసలకే ఆపేసింది. "నీ పెట్టె నాకు కుదర్దురా" అంది. ఆడవాళ్ళ గొంతుకి వేరే డల్సిమర్ కొనాలా? తీగలన్నీ పైకి బిగిస్తే మళ్ళీ మోచేతి వాతే కదా?

సీతమ్మధార రమణి | ఆగస్టు 4, ఉదయం 5:50

ఏదీ కొనక్కర్లేదు, ఏదీ పైకి బిగించక్కర్లేదు. అమ్మగారికి ఐదు శ్రుతి కావాలి, అంటే జీ. మధ్య తీగ ఒక్కటి ఏ నుంచి జీ కి దింపండి. మిగతావి ముట్టుకోవద్దు. డీ-జీ-డీ అవుతుంది.

ఇప్పుడు మధ్య తీగ షడ్జం. లావు తీగ దాని కింది పంచమం, జంట తీగలు పై పంచమం. స-ప-స కాస్తా ప-స-ప అయింది. యాప్ అక్కర్లేదు, లావు తీగని మూడో మెట్టు దగ్గర నొక్కితే వచ్చేదే మధ్య తీగకి శ్రుతి. పాట ఇక విడి తీగ నుంచి కాదు, మూడో మెట్టు నుంచి మొదలవుతుంది. 3, 4, 5, 7, 8, 10. మీ 4-5-4-2 ఇప్పుడు 7-8-7-5.

పాలకొండ రాజు | ఆగస్టు 4, ఉదయం 7:05

ఈసారి నంబర్లకి నేనేం అననండి.

గాజువాక శీను | ఆగస్టు 4, రాత్రి 9:40

మధ్య బిరడ అర చుట్టు కూడా తిప్పలేదు. అమ్మ మొదట "మళ్ళీ ఏం పాడుచేశావు" అంది. 7-8-7-5 వాయించగానే ఏమీ అనకుండా అందుకుంది. పది వరుసలు పాడింది. మర్చిపోయాననుకున్న మాటలు రెండు గుర్తొచ్చాయి, మూడో వరుసలో వదినని తిట్టే మాటలట, మా ఆవిడ ముందు పాడనని నవ్వుతోంది.

ఒక్కటే సమస్య. దంపుడు పాట కదా, ప్రతి వరుస చివరా "హుఁ" అని ఊపిరి వదులుతుంది, రోకలి పడ్డట్టు. ఆ చోట నేను మీటుతూ పోతే అడ్డమొస్తోంది. మీటడం ఆపేస్తే మధ్య తీగ మోత కూడా ఆగిపోతోంది. ఏం చేయాలి?

పాలకొండ రాజు | ఆగస్టు 4, రాత్రి 9:58

అక్కడ తీగలు వదిలేసి పైచెక్క మీద బొటనవేలితో ఒక్కటి తట్టండి. మీ అమ్మగారి ఊపిరితో పాటే.